వెనకాలే వస్తోంది

టైలరమ్మ నడుము ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటల వేళ పట్టేసింది. చేతిలోంచి జారిన బాబిన్ దొర్లుకుంటూ మిషన్ కిందికి పోయింది. దాన్ని అందుకుందామని కుర్చీలోంచే వంగింది. వంగడమైతే వంగింది గానీ లేవడం కుదరలేదు. ఎవరో వెనకనుంచి నడుంలోకి సూది గుచ్చి, దారం బిగించి, ముడి వేసేసినట్టయింది. మిషన్ బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి కిటికీ ఊచ పట్టుకుని నిలబడేసరికి ఒళ్లంతా చెమటలు పట్టేశాయి. ఆసుపత్రి నర్సుల తెల్లకోట్లు నలభై రెండు బల్ల మీద గుట్టగా పడున్నాయి. కాజాలు కుట్టడం అయినవి పదకొండే.

ఇరవై ఆరేళ్లుగా ఆమె ఆ కిటికీ పక్కనే కూర్చుని కుడుతోంది. అసలు పేరు చెబితే వీధిలో సగం మందికి తెలియదు. టైలరమ్మ ఇల్లెక్కడంటే మాత్రం ఎవరైనా తలెత్తి రెండో అంతస్తు చూపిస్తారు. ఆ కిటికీ వీధి వైపు తెరుచుకోదు. వెనకనున్న నీళ్ల ట్యాంకు, బట్టలారేసే తీగలు, పక్క భవనం గోడ మీద నాచు పట్టిన చారలు, ఇవే ఆమెకు కనిపించేవి. ఒకసారి కూర్చుందంటే భోజనానికి తప్ప లేచేది కాదు. ఆమె భర్త నీళ్ల మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. పొద్దస్తమానం ఇల్లిల్లూ తిరిగే మనిషి. "మా ఇంట్లో నడకంతా నేనే నడిచేస్తాను, కూర్చోవడమంతా ఆవిడే కూర్చుంటుంది. పనులు పంచుకున్నాం" అని నవ్వేవాడు.

ఆ రోజు మాత్రం నవ్వలేదు. సెలవు పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, వ్యాయామ వైద్యం, అదే ఫిజియోథెరపీ, చేసే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ పనిచేసే పాతికేళ్ల అమ్మాయి నడుమంతా నొక్కి చూసి, కాళ్లు ఎత్తించి దింపించి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"భయపడాల్సిందేం లేదమ్మా. ఏళ్ల తరబడి వంగి కూర్చోవడం వల్ల కండరాలు బిగుసుకున్నాయి. మంచం ఎక్కి పడుకోకండి, ఇంకా బిగుస్తుంది. నడవండి."

"నడుం నొప్పని వస్తే నడవమంటావేంటమ్మా? చెయ్యి విరిగిందంటే మూటలు మొయ్యమంటావా?"

ఆ అమ్మాయి నవ్వింది. "పరుగులు పెట్టమనట్లేదు. చదునైన దారిలో, మెల్లగా, చిన్న చిన్న అడుగులు. మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు. భుజాలు వదిలెయ్యండి, చేతులు వాటంతటవే ఊగనివ్వండి. మడమ ఎత్తులేని చెప్పులు వేసుకోండి. నొప్పి కాలిలోకి జారితే ఆగిపోయి నాకు చెప్పండి. ఏ ఇబ్బందీ లేకపోతే కొద్దికొద్దిగా పెంచుకుందాం. అరగంటకోసారి మిషన్ మీంచి లేవాలి, అది మాత్రం తప్పదు."

టైలరమ్మ మొహం పాలిపోయింది. "నొప్పిగా ఉందా?" అని ఆ అమ్మాయి కంగారుపడింది. కాదని తలూపింది.

ఆ మాటలు ఆమెకు కొత్త కావు. మూడేళ్ల కిందట ఇదే గదిలో విన్నది. అప్పుడు చెప్పింది తెల్లజుట్టు డాక్టరు. పరీక్ష బల్ల మీద పడుకున్నది తన అత్తగారు. ఆయన ఒక్క మాట అదనంగా చెప్పాడు. "ఈ వయసులో ఒంటరిగా పంపకండి. పక్కన ఒక చెయ్యి ఉండాలి. కోడలే కదా, మీరే నడిపించండి." ఆమె అలాగేనంది.

అత్తగారు ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసింది. "ముప్పై ఏళ్లు ముక్కూమొహం తెలియని వాళ్లకు పక్కలు సర్దాను. నా పక్క మీద నాకే నిద్ర పట్టదు" అనేది నడుం పట్టుకుని. పొట్టి మనిషి, నోరు మాత్రం గట్టిది. కోడలు కుట్టిన కుట్టు తిప్పి చూసి, "పైన పెళ్లికూతురు, లోపల దెయ్యం" అని వంక పెట్టేది. అలాగని పొరుగింటావిడ వంక పెడితే ఊరుకునేది కాదు. "నా కోడలి కుట్టు విప్పాలంటే మీ తాత దిగిరావాలి" అని పోట్లాటకు దిగేది.

డాక్టరు చెప్పిన మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పెద్దావిడ చెప్పులు తొడుక్కుని మిషన్ పక్కన నిలబడింది.

"పదవే అమ్మాయ్."

"ఈ నాలుగు కోట్లు అయిపోనివ్వండి అత్తయ్యా, రేపు తప్పకుండా వెళ్దాం."

రేపంటే మళ్లీ రేపే. వారం రోజులు ఆవిడ అలాగే చెప్పులు తొడుక్కుని వచ్చి నిలబడింది. ఎనిమిదో రోజు రాలేదు. టైలరమ్మ హమ్మయ్య అనుకుంది. ఆ ఊపిరి వదిలిన చప్పుడు ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత నడక మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎనిమిది నెలలు గడిచాక ఆవిడకు జలుబు చేసింది, అది ఛాతీలోకి దిగింది. తొమ్మిది రోజులు మంచాన పడి వెళ్లిపోయింది. ఆ తొమ్మిది రోజులూ దుప్పటి కింద ఆవిడ పాదాలు ఒక్క క్షణం నిలకడగా లేవు. ఒకదాని తర్వాత ఒకటి, దారి మీద అడుగులు వేస్తున్నట్టే కదిలేవి. మధ్యమధ్య కళ్లు తెరిచి "వస్తోందా?" అని అడిగేది. సూదిమందు వేసే నర్సు కోసం అడుగుతోందనుకుని టైలరమ్మ, "వచ్చేస్తుందత్తయ్యా" అనేది.

ఇప్పుడు తన నడుం పట్టేసింది. తన చేతికీ అదే మందు చీటీ వచ్చింది.

మర్నాడు మూడింటికి ఆమె చెప్పులు తొడుక్కుంది. కావాలని మూడింటికి బయల్దేరలేదు. భోజనం గిన్నెలు కడిగి, నడుం కాస్త వదులయ్యేసరికి గడియారం మూడు చూపించింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక మొదటి ఇరవై అడుగులూ కత్తుల మీద నడిచినట్టుంది. ఆ తర్వాత నొప్పి కొంచెం సర్దుకుంది. సరే, తొందరగా ముగించుకుని పోదామని అడుగు పెంచబోయింది. అడుగు పెరగలేదు.

నొప్పి వల్ల కాదు. ఎడమ మోచేతి దగ్గర ఏదో బరువు. ఎవరో చెయ్యి వేసి ఆనుకుంటే ఉండేంత బరువు, అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. పక్కన మనిషి నడుస్తుంటే మన నడక దానంతటదే కుదురుకుంటుంది చూడండి, అలా ఆమె నడక ఎవరిదో నడకకు కుదురుకుంది. ఒక అడుగు, చిన్న విరామం, ఒక ఈడ్పు. పక్కకు తిరిగి చూసింది. గోడ, గోడ మీద మధ్యాహ్నపు ఎండ, తన నీడ. అంతే.

వీధి చివర చెప్పులు బాగుచేసే కొట్టు ఉంది. మనిషి ఒదిగి కూర్చునేంత గది. అందులో అతను పాత బూటుకు అట్ట వేస్తున్నాడు. ఆమెను చూసి, బయటున్న స్టూలు మీద దుమ్ము గుడ్డతో దులిపాడు.

"కాసేపు కూర్చోండమ్మా. నడుమా?"

"మీకెలా తెలుసు?"

"చెప్పుల వాడికి నడక తెలియదా అమ్మా! మొహాలు మర్చిపోతాను గానీ నడకలు మర్చిపోను. అచ్చం ఇలాగే ఎడం కాలు కొంచెం ఈడుస్తూ ఒక పెద్దావిడ వచ్చేవారు. రోజూ మూడూ మూడుంపావుకి. ఈ స్టూలు ఆవిడ కోసమే వేశాను."

"ఏ పెద్దావిడ?"

"ఆ భవనంలో టైలరమ్మ ఉందే, వాళ్ల అత్తగారు. పొట్టిగా, నోరు చురుగ్గా..."

టైలరమ్మకు స్టూలు మీద కూర్చోక తప్పలేదు. "ఒక్కరే వచ్చేవారా?"

"ఒక్కరే. నేనూ అదే అడిగేవాణ్ణి. ఈ వయసులో ఒక్కరే వచ్చారేంటమ్మా అంటే, 'ఒక్కదాన్నేంటి? నా కోడలు వెనకాలే వస్తోంది, తలుపు తాళం పెడుతోంది' అనేవారు. ఇంకోరోజు 'మెట్ల మీద ఉంది' అనేవారు. నేను పని ఆపి వీధి వైపు చూసేవాణ్ణి. ఎవరూ వచ్చేవారు కాదు. కొన్నాళ్లకు అడగడం మానేశాను గానీ, నిజం చెప్పాలంటే చూడడం మానలేదు. అలవాటైపోయింది." అతను బూటు ఒళ్లో పెట్టుకుని ఆమె వంక పరకాయించి చూశాడు. ఆమె భుజం మీద తెల్లదారం పోగు ఒకటి అంటుకుని ఉంది. "మీరేనా ఆ కోడలు?"

"నేనే."

"వచ్చారన్నమాట" అన్నాడతను. అందులో వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. రావాల్సిన మనిషి వచ్చినందుకు అన్నాడు, అంతే. "పెద్దావిడ బాగున్నారా?"

"పోయారు. రెండేళ్లు దాటింది."

అతను ఒళ్లోని బూటు పక్కన పెట్టి, అలవాటుగా వీధి వైపు చూశాడు.

ఇంటికి వచ్చి ఆమె మిషన్ ముందు కూర్చుంది. సాయంత్రం భర్త రాగానే ఒక పని చెప్పింది. "నేను కుడుతూ ఉంటాను. మీరు తలుపు తీసుకుని బయటికి వెళ్లి, మెట్లు దిగి, మళ్లీ రండి."

"ఎందుకోయ్?"

"వెళ్లి రండి, చెబుతాను."

ఆమె పెడల్ తొక్కింది. మిషన్ గడగడమంటోంది. తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి వింటూనే ఒక కోటు అంచు మొత్తం కుట్టేసింది. ఇంకా వెళ్లడేమని విసుగ్గా వెనక్కి తిరిగితే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వెళ్లరేంటండీ?"

"వెళ్లొచ్చి రెండు నిమిషాలైంది" అన్నాడు. అంటూనే చూపు నేలకు దించేశాడు. ఆ దించడం ఆమె గమనించింది. అప్పటికి ఏమీ అడగలేదు.

అలా మొదలైంది. నడుం కోసమని బయల్దేరిన మనిషి రోజూ అత్తగారి అడుగులు వెతుక్కుంటూ వెళ్లింది. పది నిమిషాల నడక పన్నెండైంది, పదిహేనైంది. బరువు మాత్రం రోజూ మెట్ల కిందే వచ్చి మోచేతి మీద వాలేది. వద్దనుకుంటే పోయేది కాదు, కావాలనుకుంటే పెరిగేది కాదు. మొదట్లో ఆమెకు భయం వేసేది. తర్వాత భయం పోలేదు గానీ దానికి అలవాటు పడింది. ఒకరోజు ఎదురుగా వేగంగా సైకిల్ వస్తే, తెలియకుండానే ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న మనిషిని గోడ వైపుకు జరిపింది. జరిపాక చూసుకుంటే చెయ్యి ఖాళీ గాలిని కాస్తోంది.

రెండో వారంలో వీధి మలుపు తిరిగి చదువుకునే గది దాకా వెళ్లగలిగింది. నాలుగు బల్లలు, పత్రికలు, గోడకు ఒక ఫ్యాను. తను టైలరమ్మనని చెప్పగానే, ఆ గది చూసుకునే ఆవిడ అడగకుండానే మొదలుపెట్టింది. అత్తగారు వచ్చి పత్రిక తీసుకునేవారట. చదివేది తక్కువ, పక్కవాళ్లకు వినిపించేది ఎక్కువ. "పక్క కుర్చీ మీద సంచి పెట్టేవారండీ. జనం నిలబడి ఉన్నా తీసేవారు కాదు. 'మా కోడలు వస్తోందమ్మా, వెనకాలే ఉంది' అనేవారు. పోనీలే పెద్దావిడ అని నేనూ ఊరుకునేదాన్ని."

"ఏ కుర్చీ?"

ఆవిడ చూపించింది. గోడ పక్కనున్న రెండో కుర్చీ. టైలరమ్మ అందులో కూర్చోబోయి, కూర్చోలేక, బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. ఇక్కడి దాకా వచ్చి కూర్చుంటే అత్తగారు నిజమే చెప్పినట్టవుతుంది. రెండేళ్లు ఆలస్యంగా నిజమైతే అది నిజమేనా? ఆమెకు తోచలేదు. కూర్చోకుండానే ఇంటికి వచ్చేసింది.

ఐదో వారానికి ఆమె కాలువ గట్టు ఎక్కింది. నడుం అప్పటికి చాలా నయం. పొద్దున లేచేటప్పుడు బిగుసుకుపోవడం తగ్గింది, చెప్పులు వంగి తనే తొడుక్కుంటోంది. గట్టు వెంట అరకిలోమీటరు పోతే లాకులు వస్తాయి. పడవలు దాటేటప్పుడు నీటిమట్టం పెంచడానికీ దించడానికీ రెండు పెద్ద తలుపులు, వాటిని తిప్పే చక్రాలు, ఒక బెంచీ, కాపలా మనిషికి ఒక చిన్న గది ఉంటాయక్కడ. ఇంత దూరం అత్తగారు వచ్చి ఉండదని ఆమె నమ్మకం. అయినా అడిగింది. అడగడమే పొరపాటేమోనని తర్వాత చాలాసార్లు అనుకుంది.

కాపలా మనిషి గుర్తు చేసుకోవడానికి తల గోక్కున్నాడు. "ఒక్కసారే వచ్చిందమ్మా. గుర్తెందుకుందంటే ఆ రోజు వాన. పెద్ద చినుకులు. లోపలికి రా అమ్మా, తడిసిపోతావ్ అన్నాను. రాలేదు. 'నేను లోపలుంటే మా కోడలికి కనబడను, దారి తప్పుతుంది' అంది. ఆ బెంచీ మీదే కూర్చుంది. గంటసేపు. గొడుగిస్తే పుచ్చుకుంది గానీ, సగం పక్కకు పట్టింది, రాని మనిషికి. చివరికి లేచి, 'పని తెమల్లేదేమోలే' అని వెళ్లిపోయింది."

టైలరమ్మకు ఆ రోజు కళ్ల ముందుకు వచ్చింది. వెనక తీగ మీద అత్తగారి బట్టలు నీళ్లు కారుతూ వేలాడుతున్నాయి. "వానలో బట్టలు ఉతికారేంటత్తయ్యా, మతి ఉందా?" అని తను కిటికీలోంచే కసిరింది. "వాన నీళ్లకు తెల్లబడతాయే, నీకేం తెలుసు" అంది ఆవిడ వణుకుతూ. ఆ మర్నాడే జలుబు. తొమ్మిది రోజులు. వస్తోందా, వస్తోందా అని.

ఎలా ఇంటికి చేరిందో ఆమెకు తెలియదు. భర్త అప్పటికే వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. ఆమె ఆయన ఎదురుగా నిలబడింది.

"అత్తయ్య రోజూ బయటికి వెళ్లేదని మీకు తెలుసు."

ఆయన బూటు లేసు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. "తెలుసు. చెప్పుల కొట్టు దగ్గర ఒకసారి కనబడింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"ఎందుకు?"

"'చెబితే అది మిషన్ ఆపి నా వెంట పడుతుంది. రెండు రోజులకి పని పేరుకుంటుంది, మూడోరోజు నన్ను చూసి పళ్లు నూరుతుంది. నాకా నడక వద్దు. దాని పని దాన్ని చేసుకోనీ' అంది. నడుం కూడా బాగుపడిందని మురిసిపోయిందోయ్. నేను మాత్రం ఏం చెయ్యను?"

"అంత వద్దనుకున్న మనిషి, కోడలు వెనకాలే వస్తోందని ఊరందరికీ ఎందుకు చెప్పింది?"

"అది నాకు తెలియదు."

"లాకుల దగ్గర వానలో గంటసేపు కూర్చుంది. నా కోసం."

ఆయన తలెత్తాడు. అది ఆయనకు తెలియదు. చదువుకునే గది దాకానే వెళుతోందనుకున్నాడు. ఊళ్లో ప్రతి గుమ్మం మెట్టూ లెక్క తెలిసిన మనిషి, తల్లి ఎక్కడిదాకా నడిచిందో తెలుసుకోలేదు. ఒక బూటు విప్పి, ఒకటి విప్పకుండా, దీపం వేసే వేళ దాకా అలాగే కూర్చున్నాడు. ఆమె పక్కనే కూర్చుంది. ఒకరినొకరు తప్పుపట్టలేదు. తప్పు ఇద్దరి దగ్గరా సమానంగానే ఉంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె బయటికి కదల్లేదు. నడుం మళ్లీ బిగుసుకుంది. వ్యాయామ వైద్యం అమ్మాయి కబురు పెట్టింది, "ఆపారంటే మొదటికొస్తుందమ్మా" అని. ఐదోరోజు మూడు కాకముందే ఆమె చెప్పులు తొడుక్కుని మెట్ల కింద నిలబడింది. బరువు వచ్చేదాకా కదల్లేదు. వచ్చాక, "పదండత్తయ్యా" అంది పైకే. మెట్లు తుడిచే మనిషి తనతోనేమోనని వెనక్కి తిరిగి చూసింది.

ఇప్పుడు టైలరమ్మ కోట్లు సగమే ఒప్పుకుంటోంది. అరగంటకోసారి లేస్తుంది. మూడింటికి మిషన్ మీద గుడ్డ కప్పేస్తుంది. చదువుకునే గదిలో కాసేపు కూర్చుంటుంది, ఆ రెండో కుర్చీలోనే. అక్కడ కూర్చోగలగడానికి ఆమెకు ఇంకో రెండు నెలలు పట్టింది. చెప్పులాయన చెబుతూనే ఉంటాడు, నడక బాగుపడింది, ఎడం కాలు ఈడ్వడం లేదు అని. ఆమె వినిపించుకోదు. వేగంగా నడవగలిగే ఒళ్లు వచ్చినా ఆమె వేగంగా నడవదు.

మొన్న ఎండ మెత్తగా ఉన్న రోజున లాకులు దాటి అవతలికి వెళ్లింది. తలుపుల మీద సన్నటి ఇనుప వంతెన, దాని మీదుగా అత్తగారు ఎన్నడూ అడుగుపెట్టని ఆవలి గట్టు. పది అడుగులు వేసిందో లేదో, మోచెయ్యి తేలికైపోయింది. కాళ్లు వాటంతటవే సాగాయి, చేతులు చక్కగా ఊగాయి, నడుం ఉందన్న ధ్యాసే లేదు. డాక్టర్లు కోరుకునే నడక అది. గట్టు పొడవునా గడ్డి పచ్చగా ఉంది, దూరంగా ఒక పడవ వస్తోంది. ఆమె ఇంకో పది అడుగులు వేసింది. చుట్టూ ఎవరూ లేరు. అత్తగారు పోయిన రోజున కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

వెనుదిరిగి, వంతెన మీది కడ్డీ పట్టుకుని, గబగబా ఇవతలికి వచ్చేసింది. కాపలా మనిషి చక్రం తిప్పుతూ అడిగాడు, "అప్పుడే తిరిగొచ్చారేంటమ్మా? అటువైపు దారి బాగానే ఉంటుందే!"

"బాగానే ఉంది" అంది టైలరమ్మ. బెంచీ మీద ఎడమ పక్కన చోటు వదిలి, ఒక చివరకు జరిగి కూర్చుని, పడవ కోసం నీళ్లు మెల్లగా పైకి లేవడం చూసింది.